అధిక పీడనపు క్విక్ ఎగ్జాస్ట్ వాల్వును ఎంచుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో గాలి పరికరాలు అమ్మడం, బిగించడం, చెడిపోతే విప్పి చూడటం నా వృత్తి. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపుల నుంచి వచ్చి ఇక్కడ షెడ్లు పెట్టుకున్నవాళ్లు, హోసూరులోనూ చెన్నై అంబత్తూరులోనూ పనిచేసే మన ఫిట్టర్లు ఈ వాల్వు గురించి ఫోనులో అడిగే ప్రశ్నలు ఏళ్ల తరబడి దాదాపు అవే. నోటితో చెప్పిన లెక్క కాగితం మీదకు ఎక్కేసరికి మారిపోతోంది కాబట్టి రాసి పెడుతున్నాను.

ఈ వాల్వు చేసే పని ఏమిటి?

లారీ డ్రైవరు బ్రేకు మీద నుంచి కాలు తీయగానే చక్రాల దగ్గర ‘ఫుస్సు’మని గాలి వదిలిన చప్పుడు వినే ఉంటారు. బ్రేకు చాంబరులోని గాలి అంత దూరం వెనక్కి ప్రయాణించి పెడల్ కింది వాల్వు దగ్గర బయటపడాలంటే ఆలస్యమవుతుంది, బ్రేకు పట్టు వదలదు. అందుకే ఇరుసు దగ్గరే వదిలేసే ఏర్పాటు చేస్తారు. మన క్విక్ ఎగ్జాస్ట్ వాల్వు దానికి తోబుట్టువు.

ఫ్యాక్టరీ యంత్రంలో గాలితో పిస్టన్ కదిలే సిలిండర్ ఒకచోట, దాన్ని నడిపే సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునేది) మరోచోట ఉంటాయి. మధ్యలో నాలుగైదు మీటర్ల ట్యూబు. పిస్టన్ కదలాలంటే దాని ఎదురుగా ఉన్న గాలి ఆ ట్యూబు, ఆ సోలినాయిడ్, దాని చివరి సైలెన్సర్ అన్నీ దాటి బయటికి పోవాలి. క్విక్ ఎగ్జాస్ట్ వాల్వును సిలిండర్ పోర్టుకే బిగిస్తే ఆ గాలి అక్కడికక్కడే బయటపడుతుంది. అంతకు మించి ఇందులో మంత్రమేమీ లేదు.

లోపల ఏముంటుంది?

మూడు పోర్టులు, ఒక కదిలే సీలు. ఒకటో పోర్టు సోలినాయిడ్ వైపు, రెండోది సిలిండర్‌కు, మూడోది బయటికి. ఒకటిలోకి గాలి వస్తే సీలు జరిగి మూడోదాన్ని మూస్తుంది, దాని అంచులు వంగి గాలిని రెండులోకి పోనిస్తాయి. ఒకటిలో పీడనం పడిపోగానే సిలిండర్ గాలి ఆ సీలును వెనక్కి నెట్టి, ఒకటిని మూసి, మూడు గుండా బయటికి దూకుతుంది. కరెంటు లేదు, తెరిపించడానికి విడిగా పైలట్ గాలి అక్కరలేదు. పాత బొమ్మల్లో ఈ మూడింటినే పి, ఏ, ఆర్ అని రాస్తారు.

ఒక మాట గుర్తుంచుకోండి, కింద చాలా చోట్ల పనికొస్తుంది: సీలును కదిలించేది రెండు పక్కల మధ్య ఉన్న పీడనం తేడా. ఒకటో పోర్టులో గాలి టక్కున పడిపోతే వాల్వు టక్కున తెరుచుకుంటుంది. మెల్లగా పడితే మెల్లగా తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోనే తెరుచుకోదు.

‘అధిక పీడనం’ అంటే ఎంత?

ముందు ప్రమాణాల గందరగోళం తీర్చుకుందాం. షాపు ఫ్లోరు మీద అందరూ ‘ఆరు కేజీల గాలి’ అంటారు, అంటే చదరపు సెంటీమీటరుకు ఆరు కిలోల బలం. కేటలాగులో బార్ ఉంటుంది, జపాన్ కంపెనీలవైతే మెగాపాస్కల్, అమెరికావైతే పీఎస్ఐ. ఒక బార్ అంటే 1.02 కేజీలు, 14.5 పీఎస్ఐ, 0.1 మెగాపాస్కల్. వాడుకలో కేజీ, బార్ ఒకటే అనుకున్నా నష్టం లేదు. కానీ 1.0 మెగాపాస్కల్ అని రాసి ఉన్న వాల్వును చూసి ‘ఒక బార్‌దే కదా’ అని పక్కన పెట్టేసిన మనిషిని నేను చూశాను. అది 10 బార్ వాల్వు.

మామూలు ఫ్యాక్టరీ లైనులో 6 నుంచి 7 బార్ ఉంటుంది. బజారులో దొరికే క్విక్ ఎగ్జాస్ట్ వాల్వుల్లో ఎక్కువ భాగం 10 బార్ వరకే. అది దాటితే నా దృష్టిలో అధిక పీడనమే. అందులోనూ రెండు అంతస్తులు ఉన్నాయి. 10 నుంచి 16 బార్ వరకు మామూలు నమూనానే గట్టి సీలుతో, లోహపు ఒంటితో పని నడిపిస్తుంది. పెట్ బాటిళ్లు ఊదే యంత్రాల్లో ఉండే 25 నుంచి 40 బార్ మాత్రం వేరే లోకం. దాని సంగతి కింద విడిగా రాశాను.

మీ లైను గేజిలో కనిపించే అంకెను నమ్మి వాల్వు కొనకండి. పీడనం పెంచే బూస్టర్ ఉంటే దాని ప్రతి కొట్టుకూ పీడనం కొంచెం ఎగిరిపడుతుంది. బరువు వేలాడే సిలిండర్‌లో బరువే గాలిని నొక్కి లైను కన్నా ఎక్కువ పీడనం పుట్టిస్తుంది. సిలిండర్ దగ్గర వచ్చే అత్యధిక అంకె ఎంతో చూసుకుని, దానిపైన కనీసం పాతిక శాతం జాగా ఉంచండి. కేటలాగులో ‘పరీక్ష పీడనం’ అని ఒకటిన్నర రెట్ల అంకె కనిపిస్తుంది. అది ఒళ్లు పగలదని చెప్పే హామీ మాత్రమే, రోజూ అంత పీడనంతో నడపమని కాదు.

ఎక్కువ రేటింగు ఉన్నది కొంటే ఎప్పటికైనా మంచిదే కదా?

కాదు. 40 బార్‌కు చేసిన వాల్వులో సీలు గట్టిగా ఉంటుంది. 5 బార్ దగ్గర దాన్ని వంచడానికి, కదిలించడానికి బలం చాలకపోవచ్చు. వాల్వుకు కనీస పని పీడనం అని కూడా ఒక అంకె ఉంటుంది. మామూలు వాటికి అర బార్ దగ్గర్లో ఉంటుంది, గట్టివాటికి అంతకన్నా చాలా ఎక్కువ. పై అంకె చూసినంత శ్రద్ధగా ఆ కింది అంకె కూడా చూడండి.

నా యంత్రానికి ఇది నిజంగా అవసరమా? ముందే తెలుసుకునే మార్గముందా?

ఉంది. ఈ ప్రశ్న అడిగేవాళ్లు నూటికి పది మంది కూడా ఉండరు, మిగతావాళ్లు వాల్వు కొన్నాక అడుగుతారు.

సిలిండర్ నెమ్మదిగా ఉండటానికి కారణాలు రెండు దిక్కుల్లో ఉంటాయి. గాలి చాలినంత లోపలికి రావడం లేదు, లేదా ఉన్న గాలి బయటికి పోవడం లేదు. మొదటిదైతే ఈ వాల్వు పెట్టి లాభం లేదు. పరీక్ష ఇలా చేయండి. గాలి కట్టేసి, లైను ఖాళీ చేసి, గాలి బయటికి వచ్చే వైపు సిలిండర్ పోర్టు దగ్గర ఒక టీ పెట్టి గేజి బిగించండి. మళ్లీ గాలి పెట్టి యంత్రాన్ని నడపండి. పిస్టన్ కదులుతున్నంతసేపూ ఆ గేజి రెండు మూడు బార్ దగ్గరే నిలబడితే గాలి బయటికి పోలేక ఎదురు తంతోంది, వాల్వు పనికొస్తుంది. గేజి వెంటనే సున్నా దగ్గరకు పడిపోయి, పిస్టన్ అప్పటికీ ఈడుస్తుంటే తప్పు సరఫరా వైపు ఉంది. సన్న ట్యూబు, మురికి పట్టిన ఫిల్టరు, చిన్న సోలినాయిడ్, ఎండిపోయిన సిలిండర్ సీళ్లు, వీటిలో ఏదో ఒకటి.

గేజి పెట్టే ఓపిక లేకపోతే ముందు సోలినాయిడ్ సైలెన్సర్‌ను విప్పి కడగండి. నూనె జిడ్డుతో పూడిపోయిన సైలెన్సర్‌ను కడిగి ఇచ్చి, వాల్వు అమ్మకుండా పంపిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. వ్యాపారానికి అది నష్టమే, కానీ ఆ మనిషి మళ్లీ మన దగ్గరికే వస్తాడు.

ఒక దిక్కుకే గాలి పెట్టి, స్ప్రింగుతో వెనక్కి వచ్చే సిలిండర్లలో ఈ వాల్వు బాగా తేడా చూపిస్తుంది. అక్కడ పిస్టన్‌ను నెట్టేది బక్క స్ప్రింగు ఒక్కటే, దానికి ఎదురుగాలి కొంచెమున్నా భారమే.

సైజు ఎలా లెక్కవేయాలి?

చాలామంది సిలిండర్ పోర్టు సైజే చూసి అదే కొంటారు. సగం సార్లు అది సరిపోతుంది కూడా. అధిక పీడనంలో మాత్రం ఒకసారి లెక్క చూసుకోవడం మేలు.

ఉదాహరణకు 100 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 200 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సిలిండర్ తీసుకుందాం. పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు, లోపలి ఘనపరిమాణం 1.57 లీటర్లు. గేజి 6 బార్ చూపిస్తే, బయటి వాతావరణ పీడనం కూడా కలిపి అసలు పీడనం 7 బార్. కాబట్టి లోపల ఉన్నది మామూలు గాలిగా చూస్తే 1.57 ఇంటు 7, అంటే 11 లీటర్లు. అది 0.3 సెకనులో బయటపడాలనుకుంటే సెకనుకు దాదాపు 37 లీటర్లు, నిమిషానికి 2200 లీటర్లు. ఇది సగటు. గాలి మొదట్లో జోరుగా, చివర్లో నీరసంగా పోతుంది కాబట్టి కేటలాగులో చూసే అంకె సగటుకు రెండున్నర రెట్లు ఉండాలని నేను పెట్టుకున్న లెక్క. అంటే 5500 లీటర్లు. పావు అంగుళం వాల్వు అంత వదలలేదు, అర అంగుళం వైపు చూడాలి.

ఇప్పుడు అదే సిలిండర్‌లో 16 బార్ పెట్టామనుకోండి. లోపలి గాలి 1.57 ఇంటు 17, దాదాపు 27 లీటర్లు. రెండున్నర రెట్లు గాలి కాబట్టి రెండున్నర రెట్లు సమయం పడుతుందని అందరూ భయపడతారు. అలా జరగదు. వాల్వు ముందు పీడనం వెనుక పీడనానికి దాదాపు రెండు రెట్లు దాటితే గాలి సన్నటి చోట ధ్వని వేగాన్ని అందుకుంటుంది, అంతకన్నా వేగంగా పోలేదు. కానీ పీడనం ఎక్కువైన కొద్దీ ఆ గాలి చిక్కబడుతుంది కాబట్టి అదే రంధ్రం గుండా అదే వేగంతో ఎక్కువ గాలి పోతుంది. లెక్క వేసి చూస్తే 16 బార్ నుంచి ఖాళీ కావడానికి 6 బార్ కన్నా సగం సమయం కూడా అదనంగా పట్టదు. అందువల్ల పీడనం పెరిగిందని ఎగబడి రెండు సైజులు పెద్దది కొనకండి. పెద్ద వాల్వుతో వచ్చే చిక్కు వేగం దగ్గర చెబుతాను.

సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న బెంగళూరులో వాతావరణ పీడనం ఒక బార్ కన్నా పదో వంతు తక్కువ. కంప్రెసర్ మీద రాసిన గాలి పరిమాణం ఇక్కడ కొంచెం తగ్గేది అందుకే. ఈ వాల్వు సైజుకు మాత్రం ఆ తేడా పట్టించుకోనక్కరలేదు. చెన్నై లెక్కే ఇక్కడా చెల్లుతుంది.

రెండు కంపెనీల కేటలాగుల్లో ప్రవాహపు అంకెలు పోల్చి చూడవచ్చా?

జాగ్రత్తగా. ఒకరు 6 బార్ నుంచి 5 బార్‌లోకి పోయే గాలిని కొలిచి రాస్తారు. మరొకరు 6 బార్ నుంచి బయటి గాలిలోకి వదిలి రాస్తారు. అదే వాల్వుకు రెండో అంకె మొదటిదానికి ఒకటిన్నర రెట్లకు అటూ ఇటూగా ఉంటుంది. పెద్ద అంకె చూసి పెద్ద వాల్వు అనుకుంటే మోసపోయినట్టే. వాల్వు ఎంత ప్రవాహాన్ని వదలగలదో చెప్పే కేవీ, సీవీ అనే అంకెలు ఇస్తే సీవీ విలువ కేవీకి 1.16 రెట్లు అని గుర్తుంచుకోండి. ఐఎస్‌ఓ 6358 (గాలి ప్రవాహం కొలిచే ప్రమాణం) ప్రకారం ఇచ్చిన అంకెలు ఉంటే అవే అన్నిటికన్నా నమ్మదగినవి. ఫెస్టో, ఎస్ఎంసీ, కోయంబత్తూరు జనటిక్స్ లాంటి పెద్ద పేర్లన్నీ కొలత షరతును అంకె పక్కనే రాస్తాయి. షరతు రాయని అంకెను నేను పక్కన పెడతాను.

లోపలికి వెళ్లే దారి, బయటికి పోయే దారి రెండిటికీ వేర్వేరు అంకెలు ఉంటాయన్నది కూడా చాలామంది చూడరు. మనకు కావాల్సింది రెండో పోర్టు నుంచి మూడో పోర్టుకు పోయే దారి అంకె.

ఎక్కడ బిగించాలి?

సిలిండర్ పోర్టుకే, మధ్యలో పొట్టి నిపిల్ తప్ప మరేమీ లేకుండా. దీన్ని సోలినాయిడ్ పక్కన బిగించి ‘ఏమీ తేడా లేదు’ అన్నవాళ్లకు నేనేమీ చెప్పలేను.

లెక్కగా చూడండి. 8 మిల్లీమీటర్ల ట్యూబు నాలుగు మీటర్లు ఉంటే దాని లోపలి గాలి సుమారు 100 సీసీ. పై ఉదాహరణలోని సిలిండర్‌లో ఉన్నది 1570 సీసీ. వాల్వు సిలిండర్ మీద ఉంటే సోలినాయిడ్ ఖాళీ చేయాల్సింది ఆ 100 సీసీ మాత్రమే. అది ఖాళీ కాగానే మిగతా పెద్ద భాగం క్విక్ ఎగ్జాస్ట్ గుండా పోతుంది. అలాగని ట్యూబు పొడవును పట్టించుకోకుండా ఉండలేము. ట్యూబు పది మీటర్లు సాగితే ఆ గాలి తగ్గేదాకా సీలు కదలదు, ప్రతి స్ట్రోకు మొదట్లో చిన్న తటపటాయింపు కనిపిస్తుంది.

వేగాన్ని అదుపు చేసే ఫ్లో కంట్రోల్‌ను సిలిండర్‌కూ ఈ వాల్వుకూ మధ్య పెడితే వాల్వు పెట్టిన ప్రయోజనం పోతుంది. సోలినాయిడ్‌కూ దీనికీ మధ్య పెడితే బయటికి పోయే గాలి దాని గుండా రానే రాదు, వాల్వు తెరుచుకోవడం మాత్రం ఆలస్యమవుతుంది. వేగాన్ని తగ్గించుకోవాలంటే మూడో పోర్టుకు బిగించే ఎగ్జాస్ట్ రెస్ట్రిక్టర్ (బయటికి పోయే దారిని సన్నబరిచేది) వాడండి. సైలెన్సరు, రెస్ట్రిక్టరు కలిసినవి దొరుకుతాయి.

ఇంకొకటి. 16 బార్ వాల్వు కొని దాన్ని మామూలు పుష్ ఫిట్టింగుతో, మామూలు పీయూ (పాలియురేథేన్) ట్యూబుతో కలిపితే ఏమైనట్టు? ఆ ఫిట్టింగులు, ట్యూబులు చాలావరకు 10 బార్‌వే. పైగా ట్యూబు బలం వేడిలో తగ్గుతుంది. ఏప్రిల్ నెలలో రేకుల షెడ్డు కింద ఆ ట్యూబు కేటలాగు అంకెను నిలబెట్టుకుంటుందని ఆశించకండి. లైనులో అన్నిటికన్నా బలహీనమైన ముక్క ఎంతో, మీ వ్యవస్థ పీడనం అంతే.

థ్రెడ్డు ఏది?

మన దేశంలో ఎక్కువగా బ్రిటిష్ పైపు థ్రెడ్డైన బీఎస్‌పీ. దిగుమతి యంత్రాల్లో, ముఖ్యంగా అమెరికా యంత్రాల్లో ఎన్‌పీటీ. పావు అంగుళంలో బీఎస్‌పీకి అంగుళానికి 19 చుట్లు, ఎన్‌పీటీకి 18. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది కాబట్టి తప్పు తెలిసిపోతుంది. అసలు ప్రమాదం అర అంగుళంలో. రెండిటికీ 14 చుట్లే, హాయిగా ఎక్కుతుంది. కానీ థ్రెడ్డు కోణం ఒకదానిది 55 డిగ్రీలు, రెండోదానిది 60. టెఫ్లాన్ టేపు దండిగా చుట్టి కారడం ఆపినట్టు కనిపించినా అధిక పీడనంలో అది తాత్కాలికమే. టేపు ముక్క తెగి సీలు మీద కూర్చుంటే వాల్వు కారడం మొదలవుతుంది, నింద వాల్వు మీదికి పోతుంది.

సీలు ఏ రబ్బరుది తీసుకోవాలి?

మామూలు గాలికి నైట్రైల్ చాలు, 80 డిగ్రీల దాకా. అంతకన్నా వేడి ఉంటే ఎఫ్‌కేఎమ్, దాన్నే బజారులో వైటాన్ అంటారు. పీడనం 10 బార్ దాటి, నిమిషానికి చాలాసార్లు కొట్టే యంత్రమైతే పాలియురేథేన్ సీలు ఎక్కువ కాలం అరగకుండా ఉంటుంది. అయితే వేడి, తేమ రెండూ కలిసినచోట అది మెత్తబడి ముక్కలవుతుంది. ఈపీడీఎమ్ అనే రబ్బరు సీలును నూనె కలిసిన గాలిలో పెట్టకండి, ఉబ్బిపోతుంది.

అధిక పీడనంలో రబ్బరు రకంతో పాటు గట్టిదనం కూడా ముఖ్యం. మామూలు సీలు షోర్ ఏ కొలమానంలో 70 దగ్గర ఉంటుంది. పీడనం పెరిగితే ఆ మెత్తటి అంచు సందులోకి పిండినట్టు జారి కొరుక్కుపోతుంది. 90 దగ్గర్లో ఉన్నది కావాలి, లేదా పల్చటి అంచు సీలు బదులు పిస్టన్ లాంటి గట్టి పాపెట్ ఉన్న నమూనా కావాలి. ఒంటి సంగతి ఒక్క ముక్కలో: జింకు పోతపోసినవి 10 బార్ లోపు పనులకు వదిలేయండి. పైకి పోతే ఇత్తడి, అల్యూమినియం. ఎన్నూరు, మణలి లాంటి ఉప్పుగాలి చోట్ల స్టెయిన్‌లెస్ స్టీలు.

వాల్వు పెట్టాక వేగం వచ్చింది, కానీ సిలిండర్ చివర గట్టిగా కొట్టుకుంటోంది. ఎందుకు?

ఎందుకంటే ఇంతకాలం మీకు తెలియకుండానే ఆ ఎదురుగాలి బ్రేకులా పనిచేసింది. మీరు దాన్ని తీసేశారు.

ఈ పాఠం నేను సొంత డబ్బుతో నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక రేకుల షెడ్డులో పెట్టెలు తోసే సిలిండర్ నెమ్మదిగా ఉందన్నారు. రెండు వైపులా పెద్ద క్విక్ ఎగ్జాస్టులు బిగించి, వేగం చూసి మురిసిపోయి టీ తాగి వచ్చేశాను. పది రోజులు గడవకముందే ఫోను. సిలిండర్ ముందు మూత పగిలి మూతలను పట్టి ఉంచే టై రాడ్ ఒకటి సాగిపోయింది. కొత్త సిలిండర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

వేగం రెండింతలైతే కొట్టే శక్తి నాలుగింతలు. 50 కిలోల బరువు సెకనుకు 0.4 మీటర్ల వేగంతో వచ్చి ఆగితే 4 జౌళ్లు. 0.8 మీటర్లయితే 16. సిలిండర్ చివర దెబ్బను మెత్తబరిచే లోపలి కుషన్ ఎంత శక్తిని మింగగలదో కేటలాగులో ఉంటుంది, వాల్వు కొనేముందు అది చూడండి. ఎదురుగాలి ముందే పోతే కుషన్ పట్టుకోవడానికి అక్కడ గాలి కూడా తక్కువే మిగులుతుంది. సాధారణంగా నేను చేసే పని: అవసరమైన ఒక్క దిక్కుకే వాల్వు పెట్టడం, మూడో పోర్టుకు రెస్ట్రిక్టర్ బిగించడం, అప్పటికీ కొట్టుకుంటే బయట షాక్ అబ్జార్బర్ పెట్టడం. సెకనుకు ఒక మీటరు దాటితే చాలా సిలిండర్ల సీళ్లు కూడా త్వరగా పోతాయి.

శబ్దం భరించలేకపోతున్నాం. సైలెన్సర్ పెడితే వేగం తగ్గుతుందా?

సైలెన్సర్ లేకుండా నడపడం సరైనది కాదు. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి చాలాకాలంగా ఉన్న హద్దు 90 డెసిబెల్స్. వాల్వు పక్కనే నిలబడే మనిషి చెవిన అంతకన్నా ఎక్కువే పడుతుంది. మంచి సైలెన్సర్ కొంత వేగం తగ్గిస్తుంది. ఒక సైజు పెద్దది పెడితే ఆ తేడా చాలావరకు పోతుంది.

పూడిపోయిన ప్లాస్టిక్ సైలెన్సర్ అధిక పీడనంలో ఊడి తూటాలా ఎగురుతుంది. 10 బార్ పైన కంచు పొడితో చేసిన లోహపు సైలెన్సర్, దాని పీడన రేటింగు చూసి మరీ. మూడో పోర్టు ముఖం మనిషి కళ్ల వైపు, ఇనుప రజను ఉన్న బల్ల వైపు తిరిగి ఉండకూడదు. చప్పుడు ఆపడానికి గుడ్డ కుక్కడం, బోల్టు బిగించడం చూశాను. అలా చేస్తే వాల్వు ఎందుకు పెట్టినట్టో వాళ్లే చెప్పాలి.

సైలెన్సర్ మీద మంచు పడుతోంది. వాల్వు పాడైందా?

లేదు. నొక్కి ఉంచిన గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే చల్లబడుతుంది. పీడనం ఎక్కువైన కొద్దీ, నిమిషానికి స్ట్రోకులు ఎక్కువైన కొద్దీ ఆ చలి పెరుగుతుంది. గాలిలో తేమ ఉంటే అది సైలెన్సర్ రంధ్రాల్లో గడ్డకట్టి దారి మూసేస్తుంది. చెన్నైలో వానాకాలపు గాలితో నడిచే కంప్రెసర్ ట్యాంకులో రోజూ ఎంత నీరు దిగుతుందో అక్కడి వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మామూలు రిఫ్రిజిరేషన్ డ్రయర్ మంచుబిందువును (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రతను) 3 డిగ్రీల దాకానే దించుతుంది, వాల్వు బయట గాలి అంతకన్నా చల్లబడుతుంది. 16 బార్ పైన ఎడతెరిపి లేకుండా కొట్టే యంత్రానికి తేమ పీల్చే డెసికెంట్ డ్రయర్ ఖర్చు దండగ కాదు.

వాల్వు కారుతోంది. మార్చినా కారుతోంది. ఎందుకు?

అంబత్తూరు నుంచి ఒక కుర్రవాడు ఫోను చేశాడు. “అన్నా, మూడు వాల్వులు మార్చాను, మూడూ కారుతున్నాయి, నాసిరకం సరుకు పంపించారు” అని కోపం.

“తమ్ముడూ, పిస్టన్ ఏ వైపు ఆగి ఉన్నప్పుడు కారుతోంది?” అని అడిగాను.

“ముందుకు వెళ్లి ఆగినప్పుడు.”

ముందుకు వెళ్లి ఆగినప్పుడు వెనుక గదిలో గాలి ఉంటుంది, ముందు గది ఖాళీగా ఉండాలి. ముందు గదికి బిగించిన క్విక్ ఎగ్జాస్ట్ నుంచి గాలి వస్తోందంటే అది పిస్టన్ సీలు దాటి వస్తున్న గాలి. వాల్వు తప్పేమీ లేదు, సిలిండర్ సీలు కిట్టు మార్చాలి. పాత ఏర్పాటులో ఆ కారుడు సోలినాయిడ్ దాకా వెళ్లి అక్కడి సైలెన్సర్ గుండా పోయేది, ఎవరికీ వినిపించలేదు. ఇప్పుడు చెవి పక్కనే వినిపిస్తోంది.

దీనికి భిన్నంగా, వాల్వు బిగించిన గదిలోనే పీడనం ఉన్నప్పుడు మూడో పోర్టు కారితే సీలు మీద మురికి, టేపు ముక్క, అరుగుదల. విప్పి తుడిచి చూడండి. ‘గుర్ర్’మని వణుకుతున్న చప్పుడు వస్తే ఒకటో పోర్టుకు గాలి చాలడం లేదు, సీలు మధ్యలో ఊగిసలాడుతోంది. సరఫరా ట్యూబు సన్నదా, గాలిని మెల్లగా ఎక్కించే సాఫ్ట్ స్టార్ట్ పెట్టారా, రెగ్యులేటర్‌తో మెల్లగా దించుతున్నారా అని చూడండి. పీడనాన్ని నిదానంగా పెంచి దించే పనులకు ఈ వాల్వు పనికిరాదు.

దీన్ని భద్రతా వాల్వుగా వాడవచ్చా?

వాడకూడదు. ఇది ఒక పోర్టులో పీడనం పడితే మరో పోర్టు తెరిచే సీలు మాత్రమే. సీలు అంటుకుపోతే అంటుకుపోయిందని చెప్పే నాథుడు ఉండడు. అత్యవసరంగా లైను ఖాళీ చేయడానికి దానికోసమే చేసిన డంప్ వాల్వులు ఉన్నాయి. గాలి వ్యవస్థల భద్రతకు ఐఎస్‌ఓ 4414 అనే ప్రమాణం ఉంది.

మెకానికల్ పవర్ ప్రెస్సు క్లచ్, బ్రేకు లైనులో మీ అంతట మీరు క్విక్ ఎగ్జాస్ట్ పెట్టకండి, ఉన్నదాని రకం మార్చకండి. అక్కడ ఒకటి విఫలమైనా రెండోది ఆపే జంట వాల్వులు ఉంటాయి, ఆగే సమయం వాటితో కలిపి లెక్కించి ఉంటుంది. ప్రెస్సు చేసినవాళ్లను అడగాల్సిందే. ఆపరేటరు వేళ్లతో ప్రయోగాలు వద్దు.

నిలువుగా బరువు మోసే సిలిండర్‌కు కింది వైపు ఈ వాల్వు పెడితే గాలి పోగానే బరువు ధబ్బున పడుతుంది. అసలు పెట్టవద్దనే అంటాను.

పెట్ బాటిల్ యంత్రానికి ఏ వాల్వు?

తాగునీటి ప్లాంటు పెట్టి, పక్కనే సెమీ ఆటోమేటిక్ బ్లోయింగ్ యంత్రం వేసుకున్నవాళ్లు దీని గురించి అడుగుతారు. బాటిల్ ఊదిన తర్వాత లోపలి గాలి పోనిదే అచ్చు తెరవలేరు, కాబట్టి గాలి వదిలే సమయమే గంటకు ఎన్ని బాటిళ్లన్నది నిర్ణయిస్తుంది. ఇక్కడ 10 బార్, 16 బార్ వాల్వులకు చోటు లేదు. 40 బార్‌కు చేసిన, గట్టి పాపెట్ ఉన్న వాల్వే వాడాలి. వాల్వు, ఫిట్టింగు, పైపు, సైలెన్సర్ అన్నీ అదే రేటింగుతో. గాలి బాటిల్ లోపలికే వెళుతుంది కాబట్టి నూనె చుక్క తగలకూడదు, గాలిలో నూనె కలిపే లూబ్రికేటర్ మీద ఆధారపడే వాల్వు పనికిరాదు. యంత్రం తయారీదారు ఇచ్చిన నంబరు ఉంటే అదే కొనండి. ‘అలాంటిదే, సగం ధరకు’ అని చెప్పే వాల్వు ఒంటి మీద పీడనం అచ్చు వేసి లేకపోతే ముట్టుకోకండి.

కొనడానికి వచ్చేటప్పుడు ఏం తీసుకురావాలి?

పాత వాల్వు ఉంటే అదే తెండి, మురికితోనే తెండి. లోపలి అరుగుదల చూస్తే సగం కథ తెలుస్తుంది. లేకపోతే సిలిండర్ బోరు, స్ట్రోకు, సిలిండర్ దగ్గర పీడనం, నిమిషానికి ఎన్నిసార్లు కొడుతుంది, ట్యూబు సైజు, పొడవు, పోర్టు థ్రెడ్డు, చుట్టుపక్కల వేడి. ఒక్క ఫోటో కూడా: సిలిండర్ చుట్టూ జాగా ఎంతుందో అందులో కనిపించాలి. ఎస్‌జేపీ రోడ్డు (బెంగళూరు) బజారులో అయినా పీణ్యలో అయినా ‘అర అంగుళం క్విక్ ఒకటి ఇవ్వండి’ అంటే చేతికి వచ్చేది ఏ షెల్ఫులో ముందుంటే అది.

పాతదాన్ని బాగుచేసుకోవచ్చా?

సీలు కిట్టు దొరికే నమూనా అయితే తప్పకుండా. గాలి కట్టేసి, రెండు వైపులా ఖాళీ అయిందని గేజి చూసి విప్పండి. సీలు కూర్చునే అంచు మీద గోరు పెట్టి తిప్పి చూడండి, గీత తగిలితే కొత్త సీలు వేసినా కారుతుంది, ఒళ్లు కూడా మార్చాలి. గీత లేకపోతే తుడిచి, సీలుకు సరిపడే గ్రీజు పలుచగా రాసి, తీసిన దిక్కులోనే పెట్టండి. తిరగేసి పెట్టిన సీలుతో నా దగ్గరికి వచ్చిన వాల్వులను ఒక డబ్బాలో వేసి ఉంచాను, కొత్తగా చేరే కుర్రవాళ్లకు చూపించడానికి.